వజీఫాతో చదివి రాయబారిగా నిలిచిన సరోజినీ నాయుడు

భారత కోకిల ఎవరంటే మన పిల్లలు కూడా టక్కున సరోజినీ నాయుడు అని జవాబు చెప్తారు. పాఠ్యపుస్తకంలో ఆమె బొమ్మ చూసి, పుట్టిన తేదీ కంఠతా పట్టి, అంతటితో ఊరుకోవడం మనకు అలవాటయింది. కానీ ఆమె ఎవరి వజీఫాతో సీమకు పోయి చదివినారో, సముద్రం దాటి ఆఫ్రికాలో ఎవరి పక్షాన మాట్లాడినారో, మన మదనపల్లెలో ఉండిన ఒక మహిళతో కలిసి ఏ పని చేసినారో మనలో చాలామందికి తెలియదు. ఈ సంచిక ద్వారా ఆ సంగతులు సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు ఉంచాలని మా ఉద్దేశం.

సరోజిని 1879 ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదులో జన్మించినారు. తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ గారు బెంగాలీ బ్రాహ్మణులు. ఎడింబరోలో సైన్సు డాక్టరేటు పొంది వచ్చి, తరువాత నిజాం కాలేజీగా పేరుపొందిన విద్యాలయానికి పునాది వేసిన పెద్దమనిషి. తల్లి వరదసుందరీ దేవి బెంగాలీలో పాటలు కట్టేవారు. ఇంట్లో బెంగాలీ, వీధిలో ఉర్దూ, చదువు ఇంగ్లీషులో. పన్నెండేళ్ళ వయసుకే మదరాసు మెట్రిక్యులేషనులో రాజధాని మొత్తానికి మొదటి స్థానంలో వచ్చినారు. ఆడపిల్ల బడి గడప తొక్కడమే గొప్ప అనుకునే ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఆ పిల్ల ప్రతిభ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ గారి దృష్టికి వచ్చింది. 1895లో నిజాం ప్రభుత్వం వజీఫా ఇచ్చి ఆమెను ఇంగ్లండుకు పంపింది. లండను కింగ్స్ కాలేజీలోను, కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలోను చదివినారు. ఇచ్చినవాడు ముస్లిం ప్రభువు, పుచ్చుకున్నది బెంగాలీ హిందువుల పిల్ల. మతం ఏదని ఎవరూ అడగలేదు, చదివే తెలివి ఉందా లేదా అన్నదే చూసినారు. ఈ ఒక్క సంగతి ఆమె జీవితమంతా వెంట నడిచిందని మేము నమ్ముతున్నాము.

1898లో తిరిగి వచ్చి, తెలుగువారైన డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడు గారిని వివాహం చేసుకున్నారు. కులాంతర వివాహం, భాషాంతర వివాహం కూడా. మదరాసులో జరిగిన ఆ పెళ్ళిని జరిపించినది మన కందుకూరి వీరేశలింగం పంతులు గారే. ఆ విధంగా ఆమె తెలుగింటి కోడలయినారు. 1905, 1912, 1917 సంవత్సరాలలో ఆమె ఇంగ్లీషు కవితా సంపుటాలు మూడు వెలువడినాయి. పల్లకీ మోసే బోయీలు, గాజులమ్మేవాళ్ళు, హైదరాబాదు బజారు, నమాజుకు పిలిచే అజాన్ అన్నీ ఆ కవితల్లో చోటు చేసుకున్నాయి. 1908లో మూసీ వరదలు హైదరాబాదును ముంచెత్తినప్పుడు సహాయకార్యాల్లో ఆమె చేసిన సేవకు ప్రభుత్వం కైసరే హింద్ పతకం ఇచ్చింది. తరువాత పంజాబు దురంతాలకు నిరసనగా దాన్ని తిరిగి ఇచ్చేసినారు.

ఆ మూడు సంపుటాల తరువాత ఆమె బ్రతికి ఉండగా కొత్త కవితల పుస్తకం రాలేదు. కలం పక్కన పెట్టి రాయబారం పట్టినారు. రాయబారం అంటే ఉద్యోగం కాదు, జీతం లేదు. ఇద్దరి మధ్య మాట తెగిపోకుండా చూడడమే ఆ పని. 1913లో లక్నోలో జరిగిన ముస్లిం లీగ్ సభలో ఆమె ప్రసంగించినారు. 1916లో అదే లక్నోలో కాంగ్రెసు, లీగు ఒప్పందానికి వచ్చినాయి. ఆనాడు రెండు పక్షాలను కలపడానికి పాటుపడుతుండిన జిన్నా గారి ప్రసంగాల సంపుటం 1918లో వచ్చినప్పుడు, ఆయనను ఐక్యతా రాయబారిగా లోకానికి పరిచయం చేసినది ఈమే.

ఇక మదనపల్లె సంగతి. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ గారు మన దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేస్తుండగా, ఆయన భార్య మార్గరెట్ గారు కూడా ఇక్కడే ఉండినారు. 1919లో టాగూరు మదనపల్లెకు వచ్చినప్పుడు జనగణమనకు స్వరం కూర్చినది ఈమేనని మనకు తెలిసిందే. అంతకు ముందే, 1917 డిసెంబరులో, స్త్రీలకు కూడా ఓటు కావాలని మదరాసులో మాంటేగు దొర దగ్గరకు ఒక మహిళా బృందం పోయింది. ఆ అర్జీ వెనుక శ్రమ మార్గరెట్ గారిది, బృందానికి నాయకురాలు సరోజినీ గారు. బేగం హస్రత్ మోహానీ గారూ అందులో ఉండినారు. వెంటనే ఫలితం దక్కలేదు. అయినా 1921లో మదరాసు శాసనసభ స్త్రీలకు ఓటుహక్కు ఒప్పుకున్నది.

ఆఫ్రికా కథ మన ప్రాంతానికి ఇంకా దగ్గరిది. 1860 నుండి 1911 వరకు లక్షా 50 వేలకు పైగా భారతీయులను చెరకు తోటల్లో కూలికి నటాలుకు ఓడలెక్కించినారు. మొదటి ఓడ ట్రూరో మదరాసు రేవు నుండే బయలుదేరింది. పుంగనూరు, కుప్పం అప్పుడు చేరి ఉండిన ఉత్తర ఆర్కాటు జిల్లా నుండి పోయినవారు ఎందరో. వాళ్ళలో తెలుగువారు, తమిళులు, ముస్లిములు అందరూ ఉండినారు. మదరాసు నుండి అలా కూలీగా వెళ్ళిన షేక్ అహ్మద్ బాద్షా పీర్ గారి దర్గాకు డర్బనులో ఇప్పటికీ జనం వస్తూనే ఉన్నారు. గడువు తీరినా అక్కడే నిలిచినవారి నెత్తిన మనిషికి ఏడాదికి మూడు పౌన్ల పన్ను పడింది. గాంధీగారి పోరాటం తరువాత 1914లో అది రద్దయింది గానీ అవమానాలు తీరలేదు.

1924 జనవరిలో సరోజినీ గారు మొంబాసాలో తూర్పు ఆఫ్రికా భారతీయ కాంగ్రెసుకు అధ్యక్షత వహించి, అక్కడి నుండి దక్షిణాఫ్రికాకు పోయినారు. భారతీయులు ఇళ్ళు, అంగళ్ళు ఊరిలో ప్రత్యేకించిన చోట్లనే పెట్టుకోవాలని ఆనాటి స్మట్సు ప్రభుత్వం చట్టం తలపెట్టింది. ఊరూరా తిరిగి ఆమె దానిని ఎదిరించినారు, స్మట్సు గారితోనే ముఖాముఖి మాట్లాడినారు. ఇంతలో అక్కడి పార్లమెంటు రద్దయి బిల్లు మూలపడింది. అది ఆమె ఒక్కరి గెలుపు అనడం సరికాదు. కానీ తమకోసం ఒకరు సముద్రం దాటి వచ్చినారన్న ధైర్యం మాత్రం అక్కడివారికి మిగిలింది. మరుసటి ఏడు, 1925లో, కాన్పూరు కాంగ్రెసుకు ఆమె అధ్యక్షురాలయినారు. ఆ పదవి పొందిన మొదటి భారతీయ మహిళ ఆమే.

1932 జనవరిలో కేప్‌టౌనులో రెండు ప్రభుత్వాల మధ్య చర్చలు జరిగినప్పుడు భారత ప్రతినిధి వర్గంలో ఆమె మళ్ళీ వెళ్ళినారు. వర్గానికి నాయకుడు సర్ ఫజ్లే హుసేన్ గారు. రాజద్రోహిగా జైలుకు పంపిన సర్కారే ఆమెను రాయబారానికి పంపవలసి వచ్చింది! అంతకు రెండేళ్ళ ముందే, 1930 మేలో, గాంధీగారు, ఆ వెంట అబ్బాస్ త్యాబ్జీ గారు అరెస్టు కాగా, ధరాసన ఉప్పు సత్యాగ్రహాన్ని నడిపించి ఆమె జైలు పాలయినారు. కేప్‌టౌను చర్చలకు పెద్ద ఫలం లేదు. ట్రాన్స్‌వాలులో భారతీయుల భూమి హక్కులను బిగించే చట్టం ఆ ఏడాదే వచ్చింది. దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటు రావడానికి 1994 దాకా ఆగవలసి వచ్చింది.

ఇంటి దగ్గరి రాయబారమూ అంతే అయింది. తాను ఎవరిని ఐక్యతకు దూత అని మెచ్చుకున్నారో ఆయన దారి వేరయింది. 1947లో దేశం రెండు ముక్కలయింది. కన్నీళ్ళు పెట్టుకుని ఇంట్లో కూర్చోవలసిన వయసే, అరవై ఎనిమిదేళ్ళు. ఆమె కూర్చోలేదు. ఆ ఏడు మార్చిలో ఢిల్లీలో ఆసియా దేశాల మహాసభకు అధ్యక్షత వహించినారు. ఆగస్టు 15న ఉత్తరప్రదేశ్‌గా మనమెరిగిన అప్పటి సంయుక్త రాష్ట్రానికి గవర్నరుగా లక్నో చేరినారు. ఎక్కడ 1913లో స్నేహహస్తం చాచినారో, ఆ ఊరిలోనే 1949 మార్చి 2న కన్ను మూసినారు. హైదరాబాదులోని ఆమె ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డులోనే 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ప్రారంభమయింది.

లెక్క చూస్తే ఆమె చేసిన రాయబారాల్లో సగానికి సగం ఓడిపోయినవే. అయినా మాట తెగిన ప్రతిచోటికీ మళ్ళీ మళ్ళీ పోయినారు. వజీఫా ఇచ్చే రోజు ఆ పిల్ల ఇంత చేస్తుందని నిజాం గారికి తెలుసునా? తెలియదు. విత్తనం వేసేవాడికి చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో తెలియదు గదా. కాబట్టి మన ఊళ్ళలో ఫీజు కట్టలేక బడి మానే పిల్ల ఎవరైనా ఉంటే, ముఖ్యంగా ఆడపిల్ల ఉంటే, ఆమె ఏ వీధి పిల్ల అని చూడకుండా చేయూతనివ్వవలసిందిగా సభ్యులందరినీ కోరుచున్నాము.