వేడి దగ్గర ఓడి గెలిచిన హోండా

పని వచ్చు, సర్టిఫికెట్ లేదని దిగులుపడేవాళ్లు కొందరు. సర్టిఫికెట్ ఉంది, పని రాదని భయపడేవాళ్లు ఇంకొందరు. మీరు ఎటువైపున్నా సరే, సొయిచిరో హోండా జీవితం ఒకసారి చూడండి. రోజూ మన వీధుల్లో తిరిగే బళ్ల మీద కనిపించేది ఆయన ఇంటిపేరే.

1906లో జపాన్‌లోని హమమత్సు దగ్గర ఓ పల్లెలో పుట్టారాయన. తండ్రి కమ్మరి, సైకిళ్లూ బాగుచేసేవారు. పదిహేనేళ్లకే హోండా టోక్యోలోని ఆర్ట్ షోకాయ్ అనే రిపేరు షాపులో చేరారు. మొదట్లో అప్పజెప్పిన పనేంటో తెలుసా? యజమాని బిడ్డను ఆడించడం! ఓపిక పట్టారు. 1924లో ఆ షాపు విమానం ఇంజిన్ బిగించి తయారుచేసిన కారు రేసు గెలిచినప్పుడు, డ్రైవర్ పక్కన మెకానిక్‌గా కూర్చున్నది ఈయనే.

50లో పాసైనవి 3

1928లో హమమత్సులో ఆర్ట్ షోకాయ్ బ్రాంచి పెట్టి బాగా సంపాదించారు. అక్కడితో ఆగకుండా పిస్టన్ రింగుల తయారీకి దిగారు. చూడ్డానికి చిన్న ఇనుప చుట్టే. కానీ దాని పని ఆలోచించండి. ఇంజిన్ లోపల మండే గ్యాస్ వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పిస్టన్ చేసే అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. అయినా పిస్టన్ ఎందుకు నిలబడుతోంది? మంట రెప్పపాటులో ముగుస్తుంది. ఈలోగా పిస్టన్‌కు తగిలిన వేడిలో చాలా భాగాన్ని రింగులు సిలిండర్ గోడకు చేరవేస్తాయి. గ్యాస్ జారిపోకుండా ఆపేవీ అవే. రింగు బాగోలేకపోతే పవర్ పోతుంది, ఇంజిన్ పట్టేస్తుంది.

హోండా పోతపోసిన రింగులు పనికిరాలేదు. స్థానిక టెక్నికల్ కాలేజీ ప్రొఫెసర్‌కు చూపిస్తే, లోహంలో సిలికాన్ చాలడం లేదని తేలింది. ముప్పై ఏళ్ల వయసులో, నడుస్తున్న వ్యాపారం ఉండి కూడా, ఆయన అదే కాలేజీలో విద్యార్థిగా చేరారు. తనకు కావల్సింది నేర్చుకున్నారు గానీ పరీక్షలు రాయలేదు, డిప్లొమా రాలేదు. ఆ తర్వాతైనా దారి సులువు కాలేదు. టొయోటాకు 50 రింగులు పంపితే నాణ్యత పరీక్షలో పాసైనవి 3. మళ్లీ ఫ్యాక్టరీలు, యూనివర్సిటీలు తిరిగి తప్పులు దిద్దుకున్నాకే టొయోటా ఆర్డర్లు నిలబడ్డాయి.

యుద్ధం చివర్లో బాంబులు, 1945 భూకంపం ఆ కంపెనీని దెబ్బతీశాయి. దాన్ని టొయోటాకే అమ్మేసి, సైకిళ్లకు చిన్న ఇంజిన్లు బిగించే పని మొదలుపెట్టారు. 1948లో హోండా మోటార్ పుట్టింది. 1961లో ఐల్ ఆఫ్ మాన్ టీటీ బైక్ రేసుల్లో 125, 250 సీసీ విభాగాలు రెండూ గెలిచింది. 1965లో మెక్సికోలో తొలి ఫార్ములా వన్ విజయం.

గాలా, నీళ్లా?

అసలు పరీక్ష ఇక్కడే వచ్చింది. మెక్సికోలో గెలిచిన ఇంజిన్ నీళ్లతో చల్లబడేది. హోండాకు మాత్రం గాలితో చల్లబడే ఇంజినే కావాలి. రేడియేటర్‌లోని నీళ్లను చివరికి చల్లార్చేది గాలే కదా, మధ్యలో నీళ్లెందుకన్నది ఆయన వాదన. వినడానికి సబబుగానే ఉంది. లెక్క ఒప్పుకోదు. ఒకే కొలత తీసుకుంటే, గాలికంటే నీళ్లు మూడు వేల రెట్లకు పైగా వేడిని మోయగలవు. పవర్ పెంచేకొద్దీ వేడీ పెరుగుతుంది. అది సమంగా బయటికి పోకపోతే లోహం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ సాగుతుంది, పవర్ పడిపోతుంది.

అయినా ఆయన పట్టుదలతోనే 1968లో ఆర్ఏ302 రేసు కారు తయారైంది. టెస్టు చేసిన జాన్ సర్టీస్ అది రేసుకు సిద్ధంగా లేదని నడపనన్నారు. ఫ్రాన్స్‌లోని రువాన్‌లో జులై 7న, వర్షంలో, జో ష్లెస్సర్ దాన్ని నడిపారు. కారు అదుపుతప్పి గట్టును ఢీకొని మంటల్లో చిక్కుకుంది. ష్లెస్సర్ చనిపోయారు. ఆ సీజన్ తర్వాత హోండా ఫార్ములా వన్ నుంచి తప్పుకుంది.

హోండా మాత్రం పట్టు వదల్లేదు. గాలితో చల్లబడే కారునే 1969లో మార్కెట్‌కు తెచ్చారు. పొగ కాలుష్యం తగ్గాలంటే ఇంజిన్ వేడి నిలకడగా ఉండాలి, అది నీళ్లతోనే సాధ్యమని కుర్ర ఇంజినీర్లు ఎంత చెప్పినా వినలేదు. చివరికి వాళ్లు వ్యాపార భాగస్వామి తకేవో ఫుజిసావా దగ్గరికెళ్లారు. ఆయన హోండాను ఒకటే అడిగారు: ప్రెసిడెంట్‌గా ఉంటారా, ఇంజినీర్‌గా ఉంటారా అని. హోండా ప్రెసిడెంట్‌గానే ఉంటానన్నారు. అంటే కుర్రాళ్ల మాటకు ఒప్పుకున్నట్టే.

ఫలితం? నీళ్లతో చల్లబడే సీవీసీసీ ఇంజిన్ 1972లో అమెరికా కఠిన కాలుష్య నిబంధనల పరీక్ష నెగ్గింది. సివిక్ కారు కంపెనీని నిలబెట్టింది. 1973లో హోండా, ఫుజిసావా ఇద్దరూ కలిసే తప్పుకుని పగ్గాలు తర్వాతి తరానికిచ్చారు. నీళ్ల కోసం వాదించిన తదాషి కుమే 1983లో కంపెనీ ప్రెసిడెంట్ అయ్యారు. హోండా 1991లో కన్నుమూశారు.

రేపు మీరు ఉద్యోగంలో చేరాక రెండు సందర్భాలు తప్పవు. మీకు తెలియనిది పక్కవాడికి తెలిసినప్పుడు ముప్పై ఏళ్ల హోండాలా వెళ్లి బెంచీ మీద కూర్చోండి. మీ బాస్ తప్పని లెక్క చెబుతున్నప్పుడు ఆ కుర్ర ఇంజినీర్లలా కొలతలు పట్టుకుని వాదించండి. మీరే బాస్ అయిన రోజున ఎదుటివాళ్ల లెక్క సరిగ్గా ఉంటే మాత్రం, మీ మాట వెనక్కి తీసుకోవడానికి ఆలస్యం చేయకండి.