ఇబ్న్ బతూతా

మొరాకోలోని టాంజియర్ నగరమున 1304లో జన్మించిన ఇబ్న్ బతూతా, 1325లో తల్లిదండ్రులను విడిచి ఒంటరిగా హజ్ యాత్రకు బయలుదేరినారు. మక్కాతో ఆ పయనము ఆగలేదు. కాన్‌స్టాంటినోపుల్ చూచినారు, ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువున ఖాజీ అయినారు, ఆ సుల్తాను రాయబారిగా చైనాకు వెడలి, కాలికట్ వద్ద తుఫానులో చేతనున్నది పోగొట్టుకొన్నారు, మాల్దీవులలో మరల ఖాజీ పదవి, తుదకు చైనా. ఇంతటి యాత్రను మేమును కొనియాడుదుము గాని, ఆయన చెల్లించిన మూల్యమే మా మనస్సును ఎక్కువగా కలచును. 1348లో డమాస్కస్ చేరినపుడు, తండ్రి గతించి పదునైదేండ్లయినదని తెలిసినది. మరుసటి యేడు స్వదేశమున అడుగిడునప్పటికి తల్లిని ప్లేగు మహమ్మారి బలిగొన్నది. టాంజియర్ వెళ్లి ఆమె సమాధిని దర్శించినారు. అయినను ఇంట నిలువలేదు. అండలూసియాకు, పిదప మాలీకి సాగినారు. తిరిగి వచ్చి, ఫెజ్ నగరమున సుల్తాను ఆజ్ఞపై ఇబ్న్ జుజయ్ అను పండితునిచే తన యాత్రలను వ్రాయించినారు. 1355లో పూర్తియైన ఆ గ్రంథమే 'రిహ్లా'.