కుష్ఠు రోగుల స్నేహితుడు - వెల్లెస్లీ బెయిలీ దొరగారు

కుష్ఠు రోగుల నిమిత్తము కానుక పట్టుట మన సంఘములలో చాలకాలముగా నున్న వాడుకయే. అయితే ఆ కానుక ఎవరికి చేరుచున్నదో, వారి ముఖము లెట్టివో మనలో బహు కొద్దిమందికే తెలియును. ఈ పరిచర్యకు పునాది వేసిన బెయిలీ దొరగారు కానుక పోగుచేయుటతో తృప్తిపడలేదు. సముద్రములు దాటి ఆ ముఖములను చూడ వచ్చిరి. ఈ ఉత్సవ సంవత్సరమున వారి జీవితమును తలంచుకొనుట మనకు మేలని మా నమ్మకము.

బెయిలీగారు 1846లో ఐర్లండు దేశమున జన్మించిరి. 1869లో పోలీసు ఉద్యోగము నాశించి హిందూదేశమునకు వచ్చిరి గాని, దేవుడు వారిని వేరొక త్రోవకు మళ్లించెను. పంజాబు ప్రాంతమున అంబాలాలో అమెరికను ప్రెస్బిటేరియను మిషనువారి బడిలో ఉపాధ్యాయులైరి. అక్కడ మారిసన్ అను మిషనరీగారు ఒకనాడు వారిని ఊరి కుష్ఠు రోగుల పాకలకు తోడుకొని పోయెను. అయినవారు విడిచిన ఆ మనుష్యులను చూచిన పిమ్మట బెయిలీగారు వారిని మరువలేకపోయిరి.

1871లో బొంబాయిలో ఆలిస్ అమ్మగారిని వివాహమాడిరి. అమ్మగారి ఆరోగ్యము చెడినందున దంపతులు స్వదేశమునకు మరలిపోయిరి. 1874లో డబ్లిన్ పట్టణమున పిమ్ అను ఇంటిపేరుగల ముగ్గురు అక్కచెల్లెండ్రకు తాము చూచిన సంగతులు వివరించిరి. వారు ఏటేట 30 పౌనులు కూర్చి పంపెదమని మాట ఇచ్చిరి. మొదటి సంవత్సరమే దాదాపు 600 పౌనులు వచ్చెను! నేడు లెప్రసీ మిషన్ అని పిలువబడు సంస్థ ఆ విధముగా మొదలాయెను.

1886 నుండి బెయిలీగారు ఈ పనికే పూర్తికాలపు కార్యదర్శిగా నుండిరి. బల్లయొద్ద కూర్చుండి లెక్కలు వ్రాసినను చాలియుండును. అయినను వారు 1886-87లోను, మరల 1890-91లోను మన దేశమునకు వచ్చి ఆశ్రమములను దర్శించిరి. చూచినది గ్రంథములుగా వ్రాసి దాతలకు తెలిపిరి. 1913లో, 67 ఏండ్ల ప్రాయమున సహితము, భార్యతోకూడ బయలుదేరి చైనా, జపాను, కొరియా మొదలగు దేశములు తిరిగి వచ్చిరి. 1917లో వారు విశ్రాంతి తీసికొనునాటికి ఈ పరిచర్య 12 దేశములకు వ్యాపించెను. 1937లో, 91 ఏండ్ల వయస్సున ప్రభువునందు నిద్రించిరి.

ఆ కాలమున ఈ వ్యాధిని నమ్మకముగా కుదుర్చు మందు లేదు. బెయిలీగారు తేగలిగినవి కూడు, గుడ్డ, నీడ, వానితోపాటు తమ రాక. ఆ రాకయే గొప్ప కానుక యని మేము తలంచుచున్నాము. డబ్బు పంపువాడు దాత యగును. వచ్చి ప్రక్కన కూర్చుండి పేరు అడుగువాడు స్నేహితుడగును. మన ప్రభువు సహితము దూరమునుండియే స్వస్థపరచగలిగియు, చెయ్యి చాపి కుష్ఠు రోగిని ముట్టెను గదా!

నేడు మందున్నది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో వ్యాధి పూర్తిగా నయమగుచున్నది. వ్యాధి పోయెను గాని భయము పోలేదు. స్వస్థత పొందినవాని చేతి మంచినీళ్లు త్రాగుటకు జంకు ఇండ్లు మన సంఘములలో లేవని చెప్పగలమా? పెండ్లి పిలుపు అట్టివారి గడప దాటిపోవుట లేదా?

బెయిలీగారు సముద్రములు దాటవలసి వచ్చెను. మనకు ఓడ అక్కరలేదు. సాలూరులో లెప్రసీ మిషన్ ఆసుపత్రి యున్నది. అట్టివి మన తెలుగు సీమలో ఇంకను కలవు. కావున రాబోవు కానుకను పంపి ఊరకుండక, ప్రతి సంఘమునుండి ఇద్దరు ముగ్గురు స్వయముగా తీసికొని పోవుదురు గాక. అక్కడివారి పేర్లు తెలిసికొని వచ్చి, ఆదివారపు ప్రార్థనలో ఆ పేర్లతోనే వారిని జ్ఞాపకము చేయుదము.