కార్మికబంధువు వరాహగిరి వేంకటగిరి

శ్రీకూర్మమున కూర్మనాథుని సేవించి, అటుపిమ్మట వంశధారాతీరమునగల శ్రీముఖలింగమునకు పోవు యాత్రికులు వైష్ణవ కుటుంబములలోను పెక్కురు కలరు. మధుకేశ్వరుని సన్నిధి శైవక్షేత్రమే. అయినను, పురీ జగన్నాథుని మహాలయ నిర్మాణమునకు పూనుకొనిన అనంతవర్మ చోడగంగదేవుని రాజధాని కళింగనగరము ఈ ముఖలింగమే యని చరిత్రకారులు నిర్ణయించిరి గనుక ఈ నేల మనకు పరాయిది కాదు. నేడు ముఖలింగము ఆంధ్రదేశమునను, బరంపురము ఒడిశాలోను ఉన్నవి. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువఱకు ఈ రెండును గంజాము జిల్లాలోనివే. ఆ బరంపురమున జన్మించి, ముఖలింగమునకు ఎగువనున్న పాతపట్నము ప్రజల ప్రతినిధియై, తుదకు భారత రాష్ట్రపతి పీఠమును అధిష్ఠించిన తెలుగువారు శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు.

గిరిగారు 1894 ఆగస్టు 10న జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుగల న్యాయవాది. తల్లి సుభద్రమ్మగారు స్వాతంత్ర్యోద్యమమున పాల్గొనిన సాధ్వి. మునిగిన భూమిని ఉద్ధరించిన వరాహస్వామి పేరు ఇంటిపేరుగాను, వేంకటాద్రి పేరు సొంతపేరుగాను కలిగిన ఈ బాలుడు పెరిగి పెద్దవాడై అణగియున్న కూలిజనమును పైకెత్తుటకు పూనుకొనుట దైవసంకల్పమని భక్తులు తలచినచో తప్పు లేదు.

సముద్రయానమునకు పెద్దలు శంకించు ఆ దినములలో, 1913లో, ఆయన న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండు దేశపు డబ్లిన్ నగరమునకు వెళ్లిరి. ఐరిష్ ప్రజలు ఆంగ్లేయులపై తిరుగబడుటకు సిద్ధమగుచున్న కాలమది. 1916లో ఈస్టరు పండుగనాళ్లలో ఆ తిరుగుబాటు చెలరేగి అణచివేయబడెను. ఆ దేశభక్తులతో చెలిమి కలవాడని అనుమానించి ప్రభుత్వము గిరిగారిని దేశము విడిచి పొమ్మనెను. వారు తిరిగివచ్చి బరంపురమున న్యాయవాద వృత్తి చేపట్టిరి. గాంధీమహాత్ముని సహాయనిరాకరణ పిలుపు విని 1920లో దానిని వదలుకొనిరి. ఆయన వదలుకొనినవానిలో ఇది మొదటిది.

శ్రీకాకుళపు యాత్రికులు ఆమదాలవలసలో రైలెక్కి పురికి పోవు మార్గము ఆ కాలమున బెంగాలు నాగపూరు రైల్వే వారి అధీనమున ఉండెను. పట్టాలు వేయువారు, బొగ్గు పోయువారు, కర్మాగారమున ఇనుము కొట్టువారు ఎట్లు బ్రదుకుచున్నారో ఆ బండ్లలో తీరికగా కూర్చుండి తీర్థయాత్ర చేయువారిలో ఎందఱు తలచియుందురు? గిరిగారు తలచిరి. 1923లో అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య స్థాపకులలో ఒకరై, దశాబ్దమునకు పైగా దాని కార్యభారము వహించిరి. 1928లో ఖరగపూరు కేంద్రముగా ఆ రైల్వే కార్మికులు, ఉద్యోగములు పోయిన తోడివారి పక్షమున, హింసకు తావీయక సమ్మె చేయగా గిరిగారు నాయకత్వము వహించిరి. యాజమాన్యము దిగిరాక తప్పలేదు. 1927లో జెనీవా కార్మిక మహాసభకును, 1931లో లండనులో జరిగిన రెండవ రౌండు టేబులు సమావేశమునకును కార్మిక ప్రతినిధిగా వెళ్లిరి.

1937 ఎన్నికలలో బొబ్బిలి స్థానమున ఆయన ఎదుర్కొనినది సామాన్యుని కాదు. అప్పటికి మద్రాసు రాజధాని ప్రధానమంత్రియు, జస్టిస్ పార్టీ నాయకుడును అయిన బొబ్బిలి రాజావారిని. 1757 నాటి యుద్ధకథను ఇంటింటను పాడుకొను సీమలో, ఆ సంస్థానాధిపతిపై ఒక వకీలు కుమారుడు గెలుచుట దేశమంతటను వింతగా చెప్పుకొనబడెను. రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలు ఆయనకు లభించినవి. 1939లో కాంగ్రెసు మంత్రివర్గములు వైదొలగినవి. తరువాత చెరసాలలు, 1942 నుండి మరల మూడేండ్లు చెర. ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున 1946లో మరల మంత్రి. 1947 నుండి 1951 వఱకు సింహళమున భారత హైకమిషనరు.

1952లో పాతపట్నము లోక్‌సభ స్థానము నుండి గెలుపొంది నెహ్రూగారి ప్రభుత్వమున కార్మికశాఖామంత్రి అయిరి. ఇక్కడనే ఆయన జీవితమునకు గీటురాయి వంటి ఘట్టము కలదు. యజమానులు, కార్మికులు ఎదురెదురుగా కూర్చుండి ఒప్పందమునకు రావలెనే గాని సర్కారు బలవంతముగా తీర్పులు రుద్దరాదని ఆయన నమ్మకము. ఇది గిరి విధానమని పేరొందెను. బ్యాంకు ఉద్యోగుల జీతముల తగాదా ట్రిబ్యునలుకు పోయి, అప్పీలు ట్రిబ్యునలులో తీర్పు వచ్చెను. 1954లో ప్రభుత్వము ఆ తీర్పును ఉద్యోగులకు నష్టము కలుగునట్లు సవరించెను. తీర్పుల విధానమునే మెచ్చని గిరిగారు ఈ తీర్పు కొఱకు పట్టుపట్టనేల యని సందేహము కలుగవచ్చును. రండి, తీర్పు చెప్పింతుమని ఇరుపక్షములను పిలిచిన ప్రభుత్వమే ఆ తీర్పును మార్చినచో ఇక బీదవాడు ఎవరిని నమ్మవలెను? ఆయన మంత్రిపదవికి రాజీనామా ఇచ్చిరి. సరస్వతీబాయిగారికిని ఆయనకును పదునలుగురు సంతానము. అంతటి సంసారి ఒక మాట కొఱకు పదవి విడుచుట తేలికపని కాదని గృహస్థులకు చెప్పనక్కఱలేదు. తరువాత ప్రభుత్వము జస్టిస్ గజేంద్రగడ్కరుగారిని నియమించి ఆ విషయమును మరల విచారింపజేసెను.

1957లో ఆయన పార్వతీపురమున పోటీచేసి ఓడిరి. అది ద్విసభ్య స్థానము; ఒకటి గిరిజనులకు ప్రత్యేకింపబడినది, మఱియొకటి సామాన్యము. ఓట్ల లెక్కింపులో గిరిజనులైన అభ్యర్థులు ఇద్దఱును గిరిగారిని మించగా, రెండు స్థానములును వారికే దక్కెను. గెలిచిన డిప్పల సూరిదొరగారు గిరిజనత్వము వీడి క్షత్రియుడైనాడని గిరిగారు న్యాయస్థానమున వాదించిరి. జీవితమంతయు అణగినవారి పక్షమున నిలిచిన వ్యక్తికి ఈ వాదము శోభ కూర్చలేదనక తప్పదు. 1959లో సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చెను. అప్పటికే ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరు, పిదప కేరళమునకును, మైసూరునకును గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి.

1969 మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు పరమపదించిరి. తాత్కాలిక రాష్ట్రపతియైన గిరిగారు జులై 19న పదునాలుగు బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై సంతకము చేసి, మఱునాడు పదవి విడిచి, స్వతంత్రుడుగా రాష్ట్రపతి ఎన్నికకు నిలబడిరి. పదునైదేండ్ల క్రిందట ఏ బ్యాంకు గుమాస్తాల కొఱకు మంత్రిత్వము వదలిరో, ఆ బ్యాంకులే ఆయన చేవ్రాలుతో ప్రజల సొత్తయినవి. కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారును తెలుగువారే. మొదటి ప్రాధాన్యపు ఓట్లతో ఎవరికిని ఆధిక్యము రాలేదు. రెండవ ప్రాధాన్యములను లెక్కించిన పిమ్మట గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 వచ్చెను. ఆ ఎన్నికను సవాలు చేయగా, రాష్ట్రపతి స్థానమున ఉండియు గిరిగారు స్వయముగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చిరి. 1970లో ఆ వ్యాజ్యము కొట్టివేయబడెను.

రాష్ట్రపతిగా ఆయన నడవడిని అందఱు మెచ్చలేదు. ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు పంపిన ప్రతి కాగితముపైనను సంతకము చేసిరని నిందించినవారు కలరు. 1970లో సోవియట్ దేశ పర్యటనలో నుండగా, కీవ్ నగరము నుండియే ఉత్తరప్రదేశమున రాష్ట్రపతి పాలనకు సంతకము చేసిరి. మాజీ సంస్థానాధీశుల గుర్తింపును రద్దుచేసిన ఆయన ఉత్తరువును అదే సంవత్సరము సుప్రీంకోర్టు చెల్లదనెను. మంత్రుల సలహాను పాటించుట రాజ్యాంగధర్మమే. కాని 1954లో మంత్రివర్గమును కాదని లేచివచ్చిన మనిషి ఈ అయిదేండ్లలో ఒక్కమారైన కనబడలేదు.

గ్రంథకర్తగా ఆయన కృషి ఆ పదవులకంటె తక్కువది కాదు. ఇండస్ట్రియల్ రిలేషన్స్, లేబర్ ప్రాబ్లమ్స్ ఇన్ ఇండియన్ ఇండస్ట్రీ అను గ్రంథములు కార్మికశాస్త్రము చదువువారికి ఆధారములైనవి. నిరుద్యోగమును గూర్చి జాబ్స్ ఫర్ అవర్ మిలియన్స్ వ్రాసిరి. 1974లో పదవీకాలము ముగిసెను. 1975లో భారతరత్నము లభించెను. 1976లో మై లైఫ్ అండ్ టైమ్స్ అను స్వీయచరిత్ర వెలువడెను. 1980 జూన్‌లో మద్రాసున ఆయన దేహము చాలించిరి. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టిరి. ఆయనను గెలిపించిన పాతపట్నము లోక్‌సభ స్థానము మాత్రము నేడు లేదు. అది ఇప్పుడు శాసనసభ నియోజకవర్గము.