అనులేఖనం పాఠంలో ఒక తెలుగువాడు

జీవశాస్త్రం చదివే మన విద్యార్థులకు అనులేఖనం పాఠమంటే కొంచెం బెదురు. డి.ఎన్.ఎ.లో ఉన్న సమాచారానికి కణం ఆర్.ఎన్.ఎ. రూపంలో నకలు తీసుకోవడమే అనులేఖనం. అసలు సంగతి ఇంతే అయినా సిగ్మా అనీ, ప్రమోటర్ అనీ, ఇంట్రాన్ అనీ వరసగా పేర్లు వచ్చి పడేసరికి పుస్తకం మూసేస్తారు. ఇదంతా ఎక్కడో విదేశాల్లో పుట్టిన చదువు, మనకూ దీనికీ ఏం సంబంధమని కొందరి అభిప్రాయం. అందుకే ఈ పాఠం చెప్పేటప్పుడు నేను డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు తప్పకుండా ఎత్తుతాను. ఆయన అనులేఖనం మీద పరిశోధన చేయలేదు. ఆయన పోయేనాటికి డి.ఎన్.ఎ. ఆకారం ఎట్లా ఉంటుందో కూడా లోకానికి తెలియదు. అయినా ఆ పాఠంలోని ముడిసరుకులో ముఖ్యమైన భాగం ఆయన చేతుల మీదుగా వచ్చింది. ఆ సంబంధం చెప్పాలంటే ముందు ఆయన జీవితం చెప్పుకోవాలి.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. పెద్ద కుటుంబం, చిన్న రాబడి. పిల్లవాడికి మొదట్లో చదువు మీద పెద్ద శ్రద్ధ ఉన్నట్టు కనబడదు. పదమూడో ఏట ఇంట్లో చెప్పకుండా, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని బయల్దేరాడు. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూచోబెట్టింది. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక సన్యాసం మీదికి మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నాడు. చివరకు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఆ చదువుకు అండగా నిలిచినవారు స్నేహితులూ, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారూ. భార్య పేరు శేషగిరి.

అవి స్వదేశీ ఉద్యమం రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు కోటు తొడుక్కుని వెళ్ళేవాడు. శస్త్రచికిత్స ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది గిట్టలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా సుబ్బారావుకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చి పంపారు. ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరక్క, మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం చెబుతూ కొంతకాలం గడిపాడు. ఈ లోపల ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. తక్కువ వ్యవధిలో ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి చిక్కిపోయే జబ్బు అది. అప్పటి వైద్యం దగ్గర దానికి మందు లేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, మళ్ళీ దీనితో పని ఉంది.

1920ల మొదట్లో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో, మామగారి సాయంతో ఆయన అమెరికా చేరారు. బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరడం, ఖర్చులకు రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేయడం, పగలు చదువు, ఇదీ దినచర్య. ఆ కోర్సు పూర్తయ్యాక జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

రక్తంలో, మూత్రంలో, కండరంలో భాస్వరం ఎంత ఉందో కొలవడానికి సులువైన పద్ధతి అప్పట్లో లేదు. ఫిస్కే, సుబ్బారావులు 1925లో దాన్ని తయారుచేశారు. ద్రావణంలోని ఫాస్ఫేటుకు మాలిబ్డేటు కలిపి, ఇంకొక రసాయనంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. చూడ్డానికి ఇంత చిన్న పద్ధతే వాళ్ళను పెద్ద విషయం దగ్గరికి తీసుకుపోయింది. కండరం నుంచి తీసిన ద్రావణంలో నీలిరంగు వెంటనే పూర్తిగా రాలేదు, నిదానంగా పెరుగుతూ పోయింది. ఇంకొకరైతే పొరపాటని పారబోసి మళ్ళీ మొదలుపెట్టేవారేమో. వీళ్ళు మాత్రం, ఏదో పదార్థం విడిపోతూ ఫాస్ఫేటును కొంచెం కొంచెంగా వదులుతోందని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. 1929లో అదే కండరం నుంచి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఎ.టి.పి., బయటపడింది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పిహెచ్.డి. వచ్చింది.

ఎ.టి.పి. అనగానే కణానికి ఇంధనం అని మనవాళ్ళు ఠక్కున చెబుతారు. అది నిజమే, కానీ సగమే. 1960లో ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్ అనే ఎంజైమ్ బయటపడినప్పుడు రెండో సగం తెలిసింది. ఈ ఎంజైమ్ డి.ఎన్.ఎ. పోగును చూసి ఆర్.ఎన్.ఎ. అల్లాలంటే దానికి నాలుగు రకాల సరుకు కావాలి: ఎ.టి.పి., జి.టి.పి., సి.టి.పి., యు.టి.పి. డి.ఎన్.ఎ.లో థైమిన్ ఎదురైన చోటల్లా అది ఒక ఎ.టి.పి.ని తెచ్చి పెడుతుంది. పెట్టేటప్పుడు మూడు ఫాస్ఫేట్లలో రెండు ఊడిపోతాయి, అతకడానికి కావలసిన శక్తి అక్కడి నుంచే వస్తుంది. అంటే ఈ అక్షరం తనకు కావలసిన ఇంధనాన్ని తనే మోసుకొస్తుంది. కండరం కదలడానికి ఖర్చయ్యే పదార్థమూ, జన్యువు నకలులో అక్షరంగా కూచునే పదార్థమూ ఒకటేనన్న మాట.

కేంద్రకం లేని బాక్టీరియాలో ఈ పని ఒకే రకం పాలిమరేజ్ చేస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో దానికి చూపించేది సిగ్మా అనే ప్రోటీను, దీన్ని 1969లో కనుక్కున్నారు. డి.ఎన్.ఎ. మీద ప్రమోటర్ అనే గుర్తును సిగ్మా పట్టుకుంటుంది, రెండు పోగులూ అక్కడ విడిపోతాయి, అల్లిక మొదలవుతుంది. మొదటి అక్షరం చాలాసార్లు ఎ.టి.పి.యే, దాని మూడు ఫాస్ఫేట్లూ కొస మీద అట్లాగే ఉండిపోతాయి. నకలు ఇంకా పూర్తి కాకముందే రైబోసోములు వచ్చి దాన్ని పట్టుకుని ప్రోటీను తయారీ మొదలుపెడతాయి. వంట అవుతుండగానే విస్తళ్ళు వేసినట్టు.

మన కణాల్లో వ్యవహారం ఇంత తేలిక కాదు. కేంద్రకంలో మూడు రకాల పాలిమరేజ్‌లు పని పంచుకుంటాయి. ప్రోటీన్లకు కావలసిన నకలు తీసే రెండో పాలిమరేజ్‌కు సిగ్మా లాంటి ఒక్క సహాయకుడు చాలడు, ఒక గుంపే కావాలి. ఆ గుంపులో ఒకటి ఎ.టి.పి.ని ఖర్చుచేసి డి.ఎన్.ఎ. పోగులను విప్పుతుంది. తయారైన ముడి నకలుకు తలవైపు ఒక టోపీ పెట్టాలి, మధ్యలో అక్కరలేని ఇంట్రాన్‌లను కత్తిరించి అతకాలి, తోకవైపు సుమారు 200 అడినిన్ అక్షరాలు వరసగా తగిలించాలి. ఆ తోక యావత్తూ ఎ.టి.పి.తో చేసిందే. ఇంత హంగామా అయ్యాకే నకలు కేంద్రకం దాటి బయటికి వస్తుంది. సుబ్బారావు కండరంలో పట్టుకున్న పదార్థం ఇక్కడ విప్పే పనిలోనూ ఉంది, అల్లే పనిలోనూ ఉంది, తోకలోనూ ఉంది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వతమైన ఉద్యోగం దక్కలేదు. అదే ప్రయోగశాలలో చదువుకుని 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో ఒక సంగతి బయటపెట్టాడు. సుబ్బారావు అప్పట్లో వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు లోకానికి తెలియకుండా ఉండిపోవడంతో, కొన్నేళ్ళ తరువాత ఇతరులు వాటిని మళ్ళీ కొత్తగా కనుక్కోవలసి వచ్చిందట. న్యూక్లియోటైడ్లంటే ఆర్.ఎన్.ఎ.లోని అక్షరాలే. అది తలుచుకుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళారు. తొందరలోనే అక్కడి పరిశోధనకంతా డైరెక్టరయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన అన్నదమ్ములను మింగిన స్ప్రూకు పనికొచ్చిన మందు ఇదే. ఇది ఎందుకు పనిచేస్తుందో మళ్ళీ మన పాఠమే చెబుతుంది. అడినిన్, గ్వానిన్ అణువుల్లో రెండేసి కార్బన్లు ఫోలిక్ ఆమ్లం ద్వారా వస్తాయి. ఆర్.ఎన్.ఎ.లోని యురాసిల్‌కు ఒక మిథైల్ గుంపు తగిలిస్తే డి.ఎన్.ఎ.లోని థైమిన్ అవుతుంది, ఆ మిథైల్ కూడా ఫోలిక్ ఆమ్లం చలవే. అది లేకపోతే ఎముక మజ్జలోని కణాలకు కొత్త డి.ఎన్.ఎ. తయారుచేసుకోవడం కష్టమవుతుంది, విభజన కుంటుపడుతుంది, రక్తం తగ్గిపోతుంది.

కణాలు పెరగడానికి ఇది కావాలంటే, మితిమీరి పెరిగే కణాలకు దీన్ని అందకుండా చేస్తే ఏమవుతుంది? ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను లెడర్లీవాళ్ళు తయారుచేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించాడు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం కొంతకాలమే నిలిచినా, అంతవరకు చేతులు ముడుచుకుని చూడ్డం తప్ప గతిలేని జబ్బు అది. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ క్యాన్సరుకూ, కీళ్ళవాతానికీ ఈనాటికీ వాడుతున్న మందు. కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ కూడా ఆ ప్రయోగశాల నుంచి 1947లో వచ్చిందే.

1948లో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను లోకానికి ప్రకటించాడు. సుబ్బారావు నడిపించిన పరిశోధనలోదే ఇది, టెట్రాసైక్లిన్ జాతిలో మొట్టమొదటి మందు. బాక్టీరియా రైబోసోమును పట్టుకుని, ఆర్.ఎన్.ఎ. నకలు ప్రోటీనుగా మారకుండా ఆపుతుంది. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనాన్ని ఆదుకున్నవి ఈ జాతి మందులే. ఆరియోమైసిన్ వెలువడిన కొద్దివారాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలో గుండె ఆగి చనిపోయారు. అప్పటికి వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు వచ్చినా ఆయన తీసుకోలేదు. శేషగిరమ్మగారు ఇక్కడే ఉండిపోయారు, వెళ్ళిన మనిషి మళ్ళీ తిరిగి రానేలేదు. డి.ఎన్.ఎ. జంట మెలిక ఆకారం తెలిసింది ఆ తరువాత ఐదేళ్ళకు.

మన మదనపల్లెలో ఉన్నవాళ్ళకు ఈ పాఠం మరీ దగ్గరిది. ఊరి పక్కన ఆరోగ్యవరంలో 1915 నుంచీ క్షయరోగులు వస్తూనే ఉన్నారు. తొలి దశాబ్దాల్లో వాళ్ళకు చెప్పుకోదగిన మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. తరువాత వచ్చిన మందుల్లో రిఫాంపిసిన్ చేసే పని చూడండి. క్షయ బాక్టీరియాలోని ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్‌ను పట్టుకుని అల్లిక సాగకుండా చేస్తుంది. మన కేంద్రకంలోని పాలిమరేజ్‌ల కట్టుబడి వేరు కనుక వాటి జోలికి పోదు. పరీక్షలో ప్రోకేరియోట్లకూ యూకేరియోట్లకూ భేదాలు రాయమన్నప్పుడు మనం పట్టిక గీసి రాసే తేడాయే రోగి ప్రాణం నిలుపుతోంది. రిఫాంపిసిన్‌తో కలిపి ఇచ్చే ఇథాంబుటాల్ 1961లో లెడర్లీలోనే పుట్టింది. అప్పటికి సుబ్బారావు లేరు, ఆయన పెంచిన ప్రయోగశాల ఉంది.

1995లో ఆయన శతజయంతికి ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది. మంచిదే. అయితే ఆయన పేరు మన ల్యాబుల్లో అంతకుముందు నుంచే ఉంది. ఫాస్ఫేటు కొలిచే ప్రయోగానికి రికార్డులో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని శీర్షిక రాసుకుంటాం. ఆ రెండో పేరు ఎవరిదని అడిగే విద్యార్థి ఏడాదికి ఒకరుంటే గొప్ప. ఈసారి క్యూవెట్‌లో నీలిరంగు నిదానంగా చిక్కబడుతుంటే విసుక్కోకుండా కాసేపు చూడండి. మెట్రిక్ రెండుసార్లు తప్పిన భీమవరం కుర్రాడు ఆ రంగు దగ్గరే ఆగి, ఎందుకు ఆలస్యమవుతోందని అడిగాడు. సప్లిమెంటరీ రాస్తున్న మన పిల్లలు కూడా ఈ సంగతి తెలుసుకోవాలని నా కోరిక.