అలన్ ట్యూరింగు

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపు పంటకు పేరెన్నిక గన్న పట్టణము. అచటి రైతు తొమ్మిది నెలలు శ్రమించి పండించిన పసుపును బస్తాల కెత్తి తూకము వేయించును. ఇరువది బస్తాల తూకములను కూడునపుడు ఒక్క అంకె తప్పినను ఆతని కష్టఫలము కొంత పోవును. మొత్తము సరియైనదో కాదో తెలియవలెనన్న, కూడిక యంతయు మరల చేయవలసినదే. ఇట్టి కూడిక లెక్కనే ఉదాహరణముగా గైకొని, కంప్యూటరు ప్రోగ్రాములలోని తప్పులను పట్టు విధమును తెలిపిన మేధావి అలన్ ట్యూరింగు.

ఆతని తండ్రి జూలియసు మద్రాసు రాజధానిలో ఐ.సి.ఎస్. అధికారి. పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, కర్నూలు మున్నగు మన తెలుగు ఊళ్ళలో ఆయన కొలువు చేసెను. అలన్ మాత్రము 1912వ సంవత్సరము జూను 23వ తేదీన లండనులో జన్మించెను. తల్లిదండ్రులు భారతదేశమున నుండగా, ఆ బాలుడు ఇంగ్లండులో పరుల యింట పెరిగెను.

1936లో ట్యూరింగు ఏ గణన నైనను చేయగల యంత్రమును ఊహించి ఒక వ్యాసము వ్రాసెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్లెచ్లీ పార్కులో పనిచేయుచు, జర్మనుల ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించుటలో ముఖ్యపాత్ర వహించెను. 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున చేరెను.

కంప్యూటరు చెప్పినది చెప్పినట్లు చేయును. చెప్పుటలోనే తప్పున్నచో ఆ తప్పునే అతివేగముగా చేయును. మరి ఆ తప్పును కనుగొను టెట్లు? 1949 జూను 24న కేంబ్రిడ్జి సభలో ట్యూరింగు దీనికి సమాధానము చెప్పెను. కూడికలో ఒక స్థానము నుండి తరువాతి స్థానమునకు చేర్చిన అంకెలను వ్రాసియుంచినచో, ఒక్కొక్క వరుసను విడిగా సరిచూడవచ్చును. అట్లే ప్రోగ్రాము వ్రాయువాడు, ఫలానా చోటికి వచ్చుసరికి ఫలానా విలువ ఇంత యుండవలెనని నడుమ నడుమ తెలుపవలెను. పరీక్షకుడు ఒక్కొక్క దానిని సరిచూచి, పని ఎన్నటికైన ముగియునా యని కూడ విచారింపవలెను.

విచిత్ర మేమనగా, తప్పులు పట్టుటను గూర్చిన ఆ వ్యాసమే అచ్చుతప్పులతో వెలువడెను! దానిని నాడు పట్టించుకొన్నవారు అరుదు. 1967లో ఫ్లాయిడు, 1969లో హోరు ఇట్టి మార్గమునే విస్తరించిరి. పరీక్షకుని పనిలో కొంత నేడు యంత్రమే చేయుచున్నది. ప్రోగ్రాము వ్రాయుచుండగనే, తప్పున్న పంక్తి క్రింద తెరమీద గీత గీచి హెచ్చరించుచున్నది.

ట్యూరింగు తుదిదినములు దుఃఖకరములు. పురుషునితో ప్రేమసంబంధము నాటి ఇంగ్లండు శాసనము ననుసరించి నేరము. 1952లో న్యాయస్థానము ఆతనిని నేరస్థునిగా నిర్ణయించెను. కారాగారమునకు మారుగా ఆతడు హార్మోను మందుల చికిత్సకు లోబడవలసి వచ్చెను. 1954 జూను 7న, నలువది రెండేండ్లు నిండకమునుపే, విషప్రభావమున మరణించెను. 2009లో బ్రిటిషు ప్రభుత్వము క్షమాపణ చెప్పెను. 2013లో రాణి ఆతనికి క్షమాభిక్ష నొసగెను.

లెక్కలోని తప్పును వెంటనే దిద్దవచ్చును. మనుష్యుని పట్ల జరిగిన తప్పును ఒప్పుకొనుటకు ఆ దేశమునకు అర్ధశతాబ్దము పైబడి పట్టెను. అప్పటికి ట్యూరింగు లేడు.