రుడాల్ఫ్ అకర్మన్

హార్స్‌లీ కొండ మలుపులలో మదనపల్లె బస్సు చక్రాలు తిరిగే తీరుకు ఒక జర్మన్ దేశీయుని పేరు స్థిరపడింది. ఆయనే రుడాల్ఫ్ అకర్మన్.

1764లో శాక్సనీలో జన్మించిన అకర్మన్, జీనులు కుట్టే తండ్రి వద్ద పని నేర్చి, బండ్ల నమూనాలు గీయడంలో ఆరితేరారు. లండన్ చేరి 1795లో స్ట్రాండ్ వీధిలో చిత్రాల అంగడి నెలకొల్పారు. 1806లో నెల్సన్ సేనాని అంతిమయాత్రకు రథాన్ని రూపొందించినది ఆయనే.

1818లో ఆయన ఇంగ్లండులో ఒక పేటెంటు పొందారు. అంతవరకు బండి మలుపు తిరగాలంటే ముందు ఇరుసు అంతా తిరగవలసిందే. వేగంలో బండి ఒరిగేది. కొత్త పద్ధతిలో ఇరుసు కదలదు, చక్రాలు మాత్రమే తిరుగుతాయి. దీని నుండి పెరిగినదే నేటి సూత్రం. మలుపులో లోపలి చక్రం చిన్న వలయంలో, వెలుపలిది పెద్ద వలయంలో సాగుతాయి. కనుక లోపలిది ఎక్కువ కోణంతో తిరగాలి. లేనిచో టైరు దొర్లక ఈడ్చుకుపోయి అరుగుతుంది. పందెపు కార్లలో మాత్రం అతివేగం వల్ల టైర్లు కొంత పక్కకు జారుతాయి, భారం వెలుపలి చక్రంపై పడుతుంది. అందుచేత ఆ కోణభేదాన్ని తగ్గించడమూ కద్దు. అలైన్‌మెంట్ చెదిరితే ఎంత మేలైన టైరైనా స్టీరింగు మాట వినదు.

అయితే ఈ పద్ధతిని కనిపెట్టినవాడు మ్యూనిక్ బండ్ల శిల్పి లాంకెన్‌స్పెర్గర్. అకర్మన్ ఆయన ప్రతినిధి మాత్రమే. మోటారు కారు పుట్టకముందే, 1834లో, అకర్మన్ కన్నుమూశారు. ఆయన దొంగిలించలేదు, లోకమే అసలు పేరును మరచింది. పుంగనూరు, కుప్పం బస్సులెక్కే మన విద్యార్థులు ఆ రెండు పేర్లనూ కలిపి స్మరించడమే మనం తీర్చగల ఋణం.